రాజీనామా ఆఖరున రాయండి

ఉద్యోగం వదిలి, ఊరూరూ తిరుగుతూ సొంతంగా పని చేసుకుని బతుకుదామన్న ఆలోచన మీకుంటే, ముందు మీ జీతపు చీటీ తీసి బల్ల మీద పెట్టండి. పక్కన ఒక తెల్లకాగితం పెట్టుకుని, జీతం కాకుండా ఆ ఉద్యోగం మీకు చేసిపెడుతున్న పనులన్నీ దాని మీద రాయండి. నెలనెలా పన్ను కోసి ప్రభుత్వానికి కడుతోంది. పీఎఫ్ దాస్తోంది. మీకూ, కొన్నిచోట్ల మీ అమ్మానాన్నలకూ ఆసుపత్రి ఖర్చు చూస్తోంది. బ్యాంకు అప్పివ్వడానికీ, ఇంటి యజమాని తాళం చేతికివ్వడానికీ పూచీ పడుతోంది. పెళ్లిళ్లలో ‘మీ అమ్మాయి ఏం చేస్తోంది?’ అన్న ప్రశ్నకు మీ అమ్మ ఒక్క మాటలో జవాబు చెప్పగలుగుతోంది. మానేసిన మర్నాటి నుంచి ఇవన్నీ మీ నెత్తిన పడతాయి. స్వేచ్ఛకు ధైర్యం కావాలంటారు. నాకైతే ధైర్యం కంటే కాగితాలు పెట్టుకునే సంచీ ఎక్కువ అక్కరకొచ్చింది.

నేను హైదరాబాదులో తొమ్మిదేళ్లు ఒక కంపెనీలో, సాఫ్ట్‌వేర్‌ను ఎలా వాడాలో చెప్పే పత్రాలు రాసేదాన్ని. నాలుగేళ్లుగా అదే పనిని సొంతంగా, మూడు నాలుగు నెలలకొక ఊరు మారుతూ చేస్తున్నాను. కింద చెబుతున్న క్రమం నేను పాటించినది కాదు. దెబ్బలు తిన్నాక కూర్చిపెట్టుకున్నది.

మొదట: ఏ స్వేచ్ఛ కావాలో తేల్చుకోండి

‘స్వేచ్ఛ’ అని ఒక్క మాట రాసి ఊరుకోవద్దు. రోజులో ఏ గంట మీది కాకుండా పోతోందో రాయండి. నాకు పోయినవి ఉదయాలు. తొమ్మిదిన్నరకు సమావేశం, దానికోసం ఎనిమిదింటికే బస్సు. బుర్ర బాగా పనిచేసే వేళంతా కిటికీ పక్క సీటులో ఆవిరైపోయేది. మీకు పోయేది మరొకటి కావచ్చు: ఇష్టం లేని పనికి కాదనే వీలు, ఊళ్లో ఉన్న నాన్న దగ్గర నెలకు పది రోజులు గడిపే వీలు.

మీ బాధంతా ఒక్క మేనేజరు వల్లే అయితే వేరే ఉద్యోగం చూసుకోండి, అది చౌక. కొత్త ప్రదేశాలు చూడాలన్న సరదా మాత్రమే అయితే సెలవు పెట్టండి. అది ఇంకా చౌక. ఈ రెండూ కాదని తేలితే తర్వాతి మెట్టు ఎక్కండి.

ఆ మెట్టు ఒక పరీక్ష. మూడు వారాలు సెలవు పెట్టి, తెలిసినవాళ్లెవరూ లేని ఊళ్లో గది తీసుకుని, రోజుకు ఆరు గంటలు ఏదో ఒక పని పెట్టుకుని చేయండి. కొత్త విద్య నేర్చుకున్నా సరే. నేను మదనపల్లెలో చేశాను. మొదటి వారమంతా నా ఎత్తుకు సరిపోయే కుర్చీ కోసం, మధ్యాహ్నం మోగని గుడి మైకు కోసం వెతకడంతోనే సరిపోయింది. రెండో వారం ఒంటరితనం పట్టుకుంది. హార్సిలీ హిల్స్ చూశాను, 1919లో ఠాగూర్ ‘జనగణమన’ను ఇంగ్లీషులోకి అనువదించిన బిసెంట్ థియొసాఫికల్ కాలేజీ చూశాను, ఇక సాయంత్రం ఏడింటికి మాట్లాడే మనిషి లేదు. మూడో వారం పని సాగింది. మీకు మూడో వారంలో కూడా పని సాగకపోతే, ఉద్యోగం ఉండగానే ఆ సంగతి తెలిసిందని సంతోషించండి.

డబ్బు లెక్క ఎలా వేయాలి

ఎంత సంపాదించగలరన్న లెక్క ఇప్పుడు వద్దు, అది ఊహ. ఎంత లేకపోతే నెల గడవదో ఆ లెక్క వేయండి. నా మొదటి ఏడాది లెక్క ఇది: గది 9,000, తిండి 8,000, ప్రయాణాలు 5,000, ఇంటికి పంపేది 10,000, బీమాలు 2,500, ఫోను ఇంటర్నెట్ కలిపి 1,500, చిల్లర ఖర్చులు 2,000. మొత్తం 38,000. దీన్ని పదితో గుణించాను: 3,80,000. దానిమీద, ల్యాప్‌టాప్ పాడైతే మర్నాడే కొత్తది కొనడానికి 80,000. ఈ 4,60,000 ఖాతాలో పడేదాకా ఉద్యోగం మానే మాటెత్తకూడదని ఒట్టు పెట్టుకున్నాను. పదినెలలు చాలునా అంటే, కంతులేమీ లేని ఒంటి మనిషికి చాలు. ఇంటి అప్పు కంతు ఉన్నవాళ్లు ఏడాదిన్నర చూసుకోవాలి. చిట్టీ పాట పాడి ఆ డబ్బుతో బయలుదేరుదామనుకునేవాళ్లను ఇద్దరిని చూశాను. అది పొదుపు కాదు, అప్పే. నెలనెలా కట్టాల్సిన వాయిదా మీకంటే ముందు మీరు వెళ్లే ఊరికి చేరుకుంటుంది.

ఉద్యోగంలో ఉండగానే బయట పని చేసి చూడమని చాలామంది సలహా ఇస్తారు. ముందు మీ నియామక పత్రం చదవండి. బయటి పనిని నిషేధించే షరతు చాలా పత్రాల్లో ఉంటుంది. దాన్ని దాటవద్దు. పాత సహోద్యోగులతో, వేరే కంపెనీల్లో చేరినవాళ్లతో మాట్లాడి, ‘ఫలానా తేదీ తర్వాత ఖాళీ అవుతాను’ అని చెప్పడానికి మాత్రం సాధారణంగా ఏ షరతూ అడ్డు రాదు. కనీసం ఒక్కరైనా ‘ఆ తేదీకి పని సిద్ధంగా ఉంచుతాం’ అని మెయిల్ పంపాకే కదలండి. ఫోనులో అన్న మాట లెక్కలోకి రాదు.

నోటీసు ఇచ్చే ముందు ఆరు నెలలు

అన్నిటికంటే ఎక్కువ డబ్బు పోగొట్టుకునేది ఈ ఆరు నెలల్లోనే, అదీ తెలియక.

గ్రాట్యుటీ, అంటే మానేటప్పుడు కంపెనీ ఇచ్చే మొత్తం, సంగతి చూడండి. శాశ్వత ఉద్యోగంలో ఐదేళ్లు నిరాటంకంగా చేసినవారికి, లెక్కలోకి వచ్చే చివరి నెల వేతనంలో 26కు 15 వంతుల చొప్పున, చేసిన ఏళ్ల లెక్కన ఇస్తారు. ఆ వేతనం 40,000 ఉంటే ఐదేళ్లకు 1,15,000 పైచిలుకు. నా స్నేహితురాలు నాలుగున్నరేళ్లకే, వేసవిలో కొండలెక్కాలన్న తొందరలో, రాజీనామా ఇచ్చేసింది. వానలు తగ్గేదాకా ఆగి ఉంటే ఆ డబ్బుతో మూడు నెలలు కొండ మీదే ఉండేది.

పీఎఫ్ డబ్బు తీసేయకండి. అక్కడే ఉంటే వడ్డీ వస్తూనే ఉంటుంది. అయితే ఉద్యోగం మానాక వచ్చే వడ్డీకి పన్ను ఉంటుంది. ఐదేళ్ల సర్వీసు నిండకుండా తీస్తే తీసిన డబ్బుకూ పన్ను పడుతుంది. పదేళ్ల లోపు సర్వీసు ఉన్నవాళ్లు పింఛను భాగాన్ని నగదుగా తీసుకోకుండా స్కీమ్ సర్టిఫికెట్ అడిగి తీసుకోవచ్చు. రేపు మళ్లీ ఉద్యోగంలో చేరితే పాత సర్వీసు దానితో కలుస్తుంది. పింఛనుకు పదేళ్లు కావాలి కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

ఆరోగ్య బీమాను ఉద్యోగంలో ఉండగానే సొంతంగా తీసుకోండి. కంపెనీ ఇచ్చే గ్రూపు రక్షణ సాధారణంగా చివరి పనిదినంతో ఆగిపోతుంది. కొత్త పాలసీకి మొదటి 30 రోజులు, ప్రమాదాలకు తప్ప, వర్తింపు ఉండదు. ముందే ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా ఆగాల్సి రావచ్చు. గ్రూపు పాలసీ నుంచి అదే బీమా సంస్థ సొంత పాలసీకి మారే వీలుంది, అక్కడ గడిపిన కాలం ఈ గడువులో కలుస్తుంది. మానవవనరుల విభాగం తనంతట తాను ఈ మాట చెప్పదు, మీరే అడగాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య, జీవిత బీమా ప్రీమియంల మీద జీఎస్టీ తీసేశారు, ఆ మేరకు కొంత ఊరట.

జీవిత బీమా, క్రెడిట్ కార్డు కూడా జీతపు చీటీలు చేతిలో ఉన్నప్పుడే. మానేశాక పన్ను రిటర్నులు చూపించమంటారు. వాయిదా వేస్తున్న ఆపరేషన్ ఏదైనా ఉంటే అదీ ఇప్పుడే చేయించుకోండి.

కాగితాలు

ఇది విసుగు పుట్టించే భాగం, కాబట్టి త్వరగా ముగిద్దాం. ఒక పూటలో అయిపోయే పనులే.

పని మీద వచ్చే డబ్బుకు వేరే బ్యాంకు ఖాతా తెరవండి. ఆధార్, బ్యాంకు, ఓటరు కార్డు అన్నిట్లోనూ ఒకే చిరునామా, అమ్మానాన్నల ఇంటిది, ఉంచండి. ఊరు మారినప్పుడల్లా చిరునామా మార్చుకుంటూ పోతే ఏదో ఒకరోజు మీరు మీరేనని నిరూపించుకోవడం కష్టమవుతుంది.

ఆదాయపు పన్నులో, నిర్ణీత వృత్తులవారికి అంచనా పద్ధతి ఒకటి ఉంది. పాత చట్టంలో 44ఏడీఏ సెక్షన్. ఇంజినీరింగ్, సాంకేతిక సలహా, అకౌంటెన్సీ, న్యాయం, వైద్యం, ఇంటీరియర్ డెకరేషన్ వంటివి అందులోకి వస్తాయి. ఏడాదికి వచ్చిన మొత్తంలో సగం లాభమని చూపించి ఆ సగానికే పన్ను కడితే సరి, పద్దుల పుస్తకాలు రాయనక్కర లేదు. వసూళ్లు 50 లక్షల దాకా, నగదు వసూళ్లు 5 శాతం మించకపోతే 75 లక్షల దాకా ఈ వీలుంది. ముందస్తు పన్నును మార్చి 15లోపు ఒకేసారి కట్టవచ్చు. 2025-26 నుంచి కొత్త విధానంలో 12 లక్షల ఆదాయం దాకా పన్ను పడదు కాబట్టి, మొదట్లో చాలామందికి కట్టాల్సిందే ఉండకపోవచ్చు. అయినా రిటర్ను మాత్రం వేయండి. క్లయింట్లు ముందే కోసి కట్టిన పన్ను (టీడీఎస్) వెనక్కి వచ్చేది దానివల్లే, రేపు బ్యాంకు నమ్మేదీ దాన్నే. మీ వృత్తి ఈ జాబితాలోకి వస్తుందో లేదో ఒక ఆడిటరును ఒక్కసారి అడగండి. ఆ ఫీజు దండగ కాదు.

సేవలకు జీఎస్టీ నమోదు మన రెండు రాష్ట్రాల్లోనూ ఏడాదికి 20 లక్షలు దాటితేనే తప్పనిసరి.

ఇక ఉద్యమ్, అంటే చిన్న సంస్థలకు ప్రభుత్వం చేసే నమోదు. ఇది ప్రభుత్వ పోర్టల్‌లో ఉచితం. డబ్బడిగే వెబ్‌సైట్లు ప్రభుత్వానివి కావు. ఒంటి మనిషి కూడా సూక్ష్మ సంస్థగా నమోదు కావచ్చు. దీనివల్ల లాభమేమిటో నాకు రెండో ఏడాదిలో తెలిసింది.

క్లయింట్లు, బకాయిలు

ఒక మధ్యతరహా కంపెనీ నా బిల్లును ఐదు నెలలు నాన్చింది. లెక్కల విభాగం ఆయన ప్రతిసారీ ‘వచ్చే వారం తప్పకుండా మేడమ్’ అనేవాడు. మర్యాదస్తుడే పాపం, వారాలే అయిపోయేవి. అప్పుడు మా బాబాయి, చిన్న ప్లాస్టిక్ డబ్బాల యూనిట్ నడిపేవారు, ఒక మాట చెప్పారు: ‘నీకు ఉద్యమ్ నంబరు ఉంది కదమ్మా, బిల్లు మీద అది వేశావా?’

వేయలేదు. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల (ఎంఎస్ఎంఈ) చట్టం ప్రకారం, నమోదైన సూక్ష్మ, చిన్న సంస్థకు కొనుగోలుదారు ఎంత ఒప్పుకున్నా 45 రోజులకు మించి బకాయి పెట్టకూడదు. రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చొప్పున, నెలనెలా చక్రవడ్డీ. ఫిర్యాదు చేయడానికి ప్రభుత్వ పోర్టల్ ఉంది. ఆ సెక్షన్లు ఉటంకిస్తూ, ఉద్యమ్ నంబరు వేసి, గొంతు పెంచకుండా ఒక మెయిల్ రాశాను. పదకొండో రోజున డబ్బు పడింది. అప్పటి నుంచి నా ఇన్‌వాయిస్ అడుగున ఆ నంబరు, 45 రోజుల మాట శాశ్వతంగా ఉన్నాయి. ఒకటి గుర్తుంచుకోండి: పని చేయకముందే నమోదై ఉండాలి, బకాయి పడ్డాక నమోదు చేసుకుంటే ఉపయోగపడకపోవచ్చు. విదేశీ క్లయింటు మీద ఇది పనిచేయదు. వాళ్ల దగ్గర సగం ముందే తీసుకోండి.

ఏ ఒక్క క్లయింటు నుంచీ మీ ఆదాయంలో సగానికి మించి రానివ్వకండి. సగం దాటితే మీకు మళ్లీ యజమాని దొరికినట్టే. పైగా ఈ యజమాని పీఎఫ్ కూడా కట్టడు.

ఊరు ఎలా ఎంచుకోవాలి

సముద్రం ఎదురుగా ల్యాప్‌టాప్ పెట్టుకున్న ఫొటోలు మీరూ చూసే ఉంటారు. ఎండలో తెర కనబడదు, ఇసుక కీబోర్డులోకి పోతుంది. అరకు లోయలో నెల రోజులు పని చేద్దామని వెళ్లి, పేరంటానికి వచ్చినట్టు నాలుగు రోజులుండి దిగి వచ్చాను. ముఖ్యమైన కాల్ ఉన్న రోజున సిగ్నల్ కోసం ఫోను ఎత్తి పట్టుకుని రోడ్డు మీద నిలబడ్డాను. యాత్రాస్థలాలు శని, ఆదివారాలకు. పని వారానికి కాలేజీ ఊళ్లు.

ఈ ఒక్క సూత్రం దొరకడానికి నాకు ఏడాదిన్నర పట్టింది. కాలేజీ ఉన్న ఊళ్లో నెల అద్దెకు గది దొరుకుతుంది. మెస్సు భోజనం ఉంటుంది, అదీ ఇంటి వంట ధోరణిలో. పిల్లలు వీడియోలు చూస్తారు కాబట్టి కేబుల్ ఆపరేటరు ఫైబర్ లాగి ఉంచుతాడు. జిరాక్స్ షాపు, ల్యాప్‌టాప్ బాగుచేసే కుర్రాడు, రాత్రి తొమ్మిదికి కూడా టీ. ఆడవాళ్లకు వీధి దీపాలున్న దారి. మదనపల్లె, ధార్వాడ్, కారైక్కుడి, మైసూరు నాకు ఇలాగే కుదిరాయి. ధార్వాడ్‌లో ఉన్న నాలుగు నెలల్లో పేడా తిని మూడు కిలోలు పెరిగాను, అది వేరే సంగతి.

గది చూసేటప్పుడు చేయవలసినవి: అడ్వాన్సు ఇచ్చే ముందు ఆ గదిలోనే కూర్చుని, తలుపు వేసుకుని, స్నేహితురాలికి పది నిమిషాలు వీడియో కాల్ చేయండి. వేగం చూపించే యాప్ చెప్పే అంకె కంటే ఇది నయం. ఇన్వర్టరు ఉందా, ఉంటే అది ఫ్యానుకేనా, ఇంటర్నెట్ పెట్టెకూ వస్తుందా అని అడగండి. రెండు వేర్వేరు కంపెనీల సిమ్‌లు ఉంచుకోండి. జమ్మూ కశ్మీర్, లద్దాఖ్ వెళ్లేవాళ్లు ఒక సిమ్‌ను పోస్ట్‌పెయిడ్ చేసుకోవాలి. మన ప్రీపెయిడ్ అక్కడ పలకదు. అరుణాచల్, నాగాలాండ్, మిజోరం, మణిపూర్‌లకు ఇన్నర్ లైన్ పర్మిట్, అంటే బయటివాళ్లకిచ్చే ప్రవేశ అనుమతి, కావాలి.

ఇంటి యజమాని ‘ఏ కంపెనీ అమ్మా?’ అని తప్పక అడుగుతాడు. ‘సొంతంగా’ అంటే ముఖం మారిపోతుంది. నేను మూడు కాగితాలు చూపిస్తాను: ఉద్యమ్ సర్టిఫికెట్, పోయిన ఏడాది రిటర్ను, అంతకుముందు ఉన్న ఇంటి యజమానమ్మ ఫోను నంబరు. మూడోదే పనిచేస్తుంది. కారైక్కుడిలో రిటైరైన టీచరమ్మ ఒకావిడ, ధార్వాడ్ ఆవిడకు ఫోను చేసి, ఇద్దరికీ సరిగా రాని హిందీలో ఇరవై నిమిషాలు నా గురించి మాట్లాడుకున్నారు. తాళం చేతికొచ్చింది. అందుకే ఇల్లు ఖాళీ చేసేటప్పుడు గోడకు కొట్టిన మేకు కూడా పీకి, కన్నం పూడ్చి రండి.

ప్రయాణం చేసే రోజును సెలవుగా లెక్కేయండి. రైల్లో పని చేస్తాననుకోవడం భ్రమ. చాలా రైళ్లలో రాత్రి పదకొండు నుంచి ఐదింటిదాకా చార్జింగ్ కూడా ఆపేస్తారు. ఇప్పుడు రిజర్వేషను 60 రోజుల ముందే మొదలవుతుంది, అంటే ఊరు ఎప్పుడు మారతారో రెండు నెలల ముందు తేల్చుకుంటే చాలు. వేళకాని వేళలో దిగితే స్టేషనులో రిటైరింగ్ రూము టికెట్ పీఎన్ఆర్ మీద ముందే తీసుకోవచ్చు.

ఇంట్లో ఎలా చెప్పాలి

వాదించకండి. ‘నా జీవితం నా ఇష్టం’ అన్న వాక్యం నిజమే కానీ మధ్యాహ్నం భోజనాల దగ్గర అది అరగదు. నేను నాన్నకు పైన చెప్పిన లెక్కల కాగితం చూపించాను. ఆయన ఎలక్ట్రిసిటీ బోర్డులో ముప్ఫై నాలుగేళ్లు చేసి రిటైరయ్యారు, ఒక్క నెల జీతం ఆలస్యమైన జ్ఞాపకం లేదు. కాగితం రెండుసార్లు చదివి, ‘ఇంటికి పంపేది 10,000 అని రాశావు, అది తీసెయ్యి’ అన్నారు. తీయలేదు. ఆ పదివేలు ప్రతి నెలా ఒకటో తేదీన వారికి చేరుతుండటమే, నేను కుదురుగా ఉన్నానని ఆ ఇంటికి అర్థమయ్యే భాష. మీరూ ఒక తేదీ పెట్టుకుని, ఎంత చిన్న మొత్తమైనా తప్పకుండా పంపండి.

అమ్మ సమస్య వేరు: బంధువులకు ఏం చెప్పాలి? ‘కన్సల్టెంట్’ అన్న మాట అందించాను. ఆ మాట అర్థం ఎవరికీ తెలియదు, అందుకే ఎవరూ రెండో ప్రశ్న వేయలేదు.

వెనక్కి వచ్చే అంకె

బయలుదేరే రోజునే డైరీ మొదటి పేజీలో ఒక మొత్తం రాసుకోండి: ఖాతాలో అంతకంటే తగ్గితే ఉద్యోగం వెతకడం మొదలుపెట్టాలి. నాది రెండు లక్షలు. మనసు బాగున్నప్పుడు రాసుకున్న అంకెను, మనసు బాగాలేనప్పుడు మార్చకూడదు. పోయిన ఏడాది వానల్లో ఒక క్లయింటు మూతపడి, ఇంకొకరు ఆలస్యం చేసి, ఖాతా 2,30,000కు వచ్చింది. కారైక్కుడి గదిలో కూర్చుని నా బయోడేటా తాజా చేశాను. చేస్తుంటే ఏడుపు వస్తుందనుకున్నాను; రాలేదు, గత మూడేళ్ల పని పద్దెనిమిది పంక్తులైంది. పది రోజుల్లో పాత బిల్లు ఒకటి వచ్చి గండం గడిచింది. ఆ ఫైలును ఇప్పుడు ఆరు నెలలకోసారి తెరిచి సరిచేస్తున్నాను.

మానేటప్పుడు కంపెనీ ఇచ్చే రిలీవింగ్ లెటర్ అసలు ప్రతిని మాత్రం వెంట తీసుకెళ్లకండి. స్కాన్ చేసుకుని, అసలుది ఇంట్లో అమ్మ పట్టుచీరల కింద పెట్టండి. నాది ఇప్పటికీ అక్కడే ఉంది.